ఒక్క గుక్క

"ట్యాంకు పోయిన వారమే కడిగించాం సార్. అన్నీ మునిసిపల్ కొళాయి నీళ్ళే," బార్జి యజమాని ఏజెంటు పట్టాభిరామన్ వాచీ చూసుకున్నాడు. "అక్కడ ఓడ లంగరేసి కాచుకునుంది. వదిలేయండి."

పుదుచ్చేరి పీర్‌కి కట్టిన, ఓడ సరుకు మోసే బార్జి అలలకి ఊగుతోంది. డెక్కు మీద ఇద్దరు కళాసులు కడుపు పట్టుకుని ముడుచుకు పడుకున్నారు.

"కొళాయి నీళ్ళయితే మావోళ్ళకి ఈ విరేచనాలేంది సార్?" కళాసుల పెద్ద, సారంగు వీర్రాజు ముందుకొచ్చాడు. "నా తమ్ముడు నిన్ననే ఆస్పత్రిలో చేరె. సరుకు దించేదాకా మళ్ళీ ఈ నీళ్ళే తాగాల. యాడికి పోయేది మేము?"

"బీచిలో బజ్జీలు మెక్కి నా ట్యాంకు మీద పెడతావా?"

పోర్టు హెల్త్ ఇన్‌స్పెక్టర్ రామభద్రరావు ఇద్దరినీ చూశాడు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. నీళ్ళు పరీక్షకి మద్రాసు పంపాలి. ఫలితం వచ్చేసరికి వీళ్ళు సముద్రంలో ఉంటారు. ఉత్త అనుమానంతో బార్జిని ఆపే అధికారం తనకి లేదు. ఏజెంటు తనంతట తను తప్పు ఒప్పుకుంటే తప్ప.

"శాంపిల్ తీసుకొస్తానండి," అని తన సంచీ భుజానేసుకుని కిందికి దిగాడు.

కళాసుల గది. గాలికి ఒకటే కంత. దొడ్డి బకెట్టు పక్కనే వంట పొయ్యి. ముక్కు మూసుకుని పైకొచ్చాడు, చేతిలో గ్లాసు నిండా తేట నీళ్ళతో.

"తీసుకోండి పట్టాభిరామన్ గారూ."

"నేనా?"

"ఎండగా ఉంది కదండీ. ఒక్క గుక్క."

"ఇప్పుడే కాఫీ తాగా సార్."

"తాగండి. ఈ క్షణమే బార్జి వదిలేస్తాను."

పట్టాభిరామన్ గ్లాసు అందుకున్నాడు. పెదాల దాకా తెచ్చాడు. బార్జి ఊగి నాలుగు చుక్కలు చొక్కా మీద పడ్డాయి. నిప్పు పడ్డట్టు దులుపుకున్నాడు.

"నావల్ల కాదు సార్." గ్లాసు వెనక్కిచ్చేశాడు. "కొళాయి దగ్గర మా లారీకి వంతు రాలేదు. తేంగాయితిట్టు పక్కన గుంటలో నీళ్ళే నింపించేశా."

"కడిగించడం?"

"లేదు సార్."

"విన్నావుగా వీర్రాజూ? ట్యాంకు కడిగి, మంచినీళ్ళు పోసి, ఆ గదిని మనుషులుండేలా చేసేదాకా బార్జి కదలదు."

రామభద్రరావు గ్లాసెత్తి గటగటా తాగేశాడు.

"అయ్యో, ఏంది సార్ ఇది!" వీర్రాజు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

రామభద్రరావు మూతి తుడుచుకున్నాడు.

"ఇవి మా ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళయ్యా."