అటు తిప్పిన వీపు

పిస్టల్ స్లైడు లాగగానే గాల్లోకి ఎగిరిన తూటాను మాస్టారు ఎడమచేత్తో టక్కున పట్టుకున్నాడు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

గార్డులందరూ అవతలి బల్ల దగ్గర నిదానం తాత చుట్టూ మూగి ఉన్నారు.

ఆ సెక్యూరిటీ కంపెనీలో పన్నెండేళ్ళుగా పిస్టల్ పాఠం చెప్పేది మాస్టారే. తాత వచ్చి ఆరు నెలలు కాలేదు. సాయంత్రం డ్యూటీ దిగిన గార్డుల దగ్గర పిస్టళ్ళు అందుకుని, ఖాళీవో కావో మరోసారి చూసి, తాళాలు చూసే అక్క చేత ఆయుధాల గదిలో పెట్టించడం ఆయన పని.

ఎవరో అడిగితే ఒకరోజు పిస్టల్ ఖాళీ చేసి చూపించాడు. పొరపాటున పేలినా తూటా అందులోనే ఆగేలా, గొట్టం ఇసుక పీపా వైపు పెట్టాడు. వేలు ట్రిగ్గర్ జోలికి పోలేదు. ముందు తూటాలుండే మ్యాగజైన్ తీశాడు. తర్వాత పైనుండే స్లైడు వెనక్కి లాగి పట్టుకుని లోపలికి చూశాడు. అది చాలక చిటికెనవేలు పెట్టి తడిమాడు.

"కన్ను తొందరపడుతుంది నాన్నా. వేలు పడదు."

అంతే, మర్నాటి నుంచి అందరికీ తాత కావాలి.

మాస్టారు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడని భార్య దగ్గర వాపోయాడు. తాతకు దగ్గులు నేర్పడం విన్నాం గానీ, ఈ తాత నాకే దగ్గులు నేర్పుతున్నాడన్నాడు. ఆయన మీ గురించి ఏమన్నా అన్నాడా అని ఆమె అడిగింది. అనలేదు. అందుకే మరీ మండింది.

జనాన్ని తనవైపు తిప్పుకోవడానికే మాస్టారు ఈ తూటా పట్టే విద్య మొదలుపెట్టాడు. ముందు స్లైడు సర్రున లాగి వదిలేవాడు. ఎగిరిన తూటాను పట్టుకునేవాడు. ఆ తర్వాత మ్యాగజైన్ ఊడదీసి, పిస్టల్ తాత చేతిలో పడేసేవాడు.

మిగతావాళ్ళ పిస్టళ్ళు తాత అందరి ముందే చూసేవాడు. మాస్టారిది మాత్రం అందుకోగానే వీపు తిప్పేసి, పీపా మీదికి వంగేవాడు. నా మొహం చూడ్డం కూడా ఇష్టం లేదు ముసలాడికి, అనుకునేవాడు మాస్టారు.

ఒకసారి తాత ఆయన్ని పక్కకు పిలిచాడు.

"మాస్టారూ, మునుపటిలా ముందు మ్యాగజైనే తీస్తే బాగుంటుందేమో."

"నాకు చెప్పేంతటివాడివయ్యావా?"

తాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మాస్టారు మేనేజర్ దగ్గరికి వెళ్ళి, ముసలాయన చేతులు వణుకుతున్నాయనీ, ఎప్పటికైనా ప్రమాదమనీ చెప్పాడు. వారం తిరక్కుండా తాతను మాన్పించారు.

తాత టిఫిన్ డబ్బా సర్దుకుని మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"వస్తాను మాస్టారూ. ఆ ఇసుక పీపా మటుకు తీయించకండి."

మర్నాడు సాయంత్రం అందరూ మళ్ళీ మాస్టారి చుట్టూ చేరారు. ఆయనకు కడుపు నిండిపోయింది. స్లైడు లాగి తూటా పట్టాడు. మ్యాగజైన్ తీసి బల్లమీద పెట్టాడు. ఖాళీ పిస్టల్ అంటే ఇదీ అంటూ అందరివైపూ తిప్పి చూపించాడు.

"మాస్టారూ, పీపా దగ్గర చూడాలి కదండీ," అంది కొత్తగా చేరిన అమ్మాయి. "తాత అలాగే చెప్పారు."

"తాత చెప్పాడా? సరే, మీ తాత ముచ్చట కూడా తీరుద్దాం."

వెక్కిరింతగా గొట్టం ఇసుకకేసి పెట్టి ట్రిగ్గర్ నొక్కాడు.

పిస్టల్ పేలింది.

ఇసుక అందరి మొహాల మీదికీ ఎగజిమ్మింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ క్షణం ముందు ఆ గొట్టం అమ్మాయి పొట్టకేసి ఉంది.

మ్యాగజైన్ ఉండగా స్లైడు లాగి వదిలితే ఒక తూటా బయటికొస్తుంది, ఇంకొకటి లోపలికెక్కుతుంది. ఆయన కొత్తవాళ్ళకు మొదటిరోజు చెప్పే పాఠమే అది.

మాస్టారు పిస్టల్ బల్లమీద పెట్టేశాడు. ఈ ఒక్కరోజు ఎలా పొరబడ్డానో అని గొణిగాడు.

ఆయుధాల గది తాళాలు చూసే అక్క చీపురు తెచ్చి ఇసుక ఊడవడం మొదలుపెట్టింది.

"ఈ ఒక్కరోజు కాదండీ, మీ పిస్టల్లో రోజూ ఒక తూటా ఉండేది," అంది తలెత్తకుండా. "ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఆ తూటా తను తీయడం ఈ పిల్లలు చూస్తే మీ పరువు పోతుందనే, తాత అటు తిరిగేవాడు."