దండలోని నార

ఆకులు కుట్టి గూడు కట్టుకునే కుట్టుపిట్ట ఒకసారి, ముల్లు గీరి రెక్క చీలిన చిలకకి అరటినారతో నాలుగు కుట్లు వేసింది. పదిరోజుల్లో చిలక ఎగిరింది. ఇంకేముంది, అడవంతా గుప్పుమంది! ఏ తోపుకి వెళ్లినా సన్మానమే. కొంగగారి అధ్యక్షత, కాకుల ఉపన్యాసాలు, మెడ మునిగిపోయేలా పూలదండలు. "ఆ కుట్టు మాకూ నేర్పమ్మా" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగందే చెప్పడమేమిటని పిట్టా ఊరుకుంది. నిజం చెప్పొద్దూ, దండలు దానికి బాగానే ఉండేవి.

ఒకనాడు ఏటి అవతల సన్మానం జరుగుతుండగా, ఇవతలి తోపు నుంచి కబురొచ్చింది. గువ్వ పిల్లకి తుమ్మముల్లు దిగి పొట్ట చీలిందట. కొంగగారు మాట్లాడుతుంటే మధ్యలో లేవడం మర్యాద కాదని కుట్టుపిట్ట కాసేపు కూర్చుంది. తీరా వెళ్లేసరికి పిల్ల చల్లబడిపోయింది.

"ఆలస్యమైందక్కా" అంది తల దించుకుని.

గువ్వ ఏడవలేదు. "కిందటి నెల మా తోపులో నీకు దండ వేసింది నేనే కదమ్మా. ఎలా కుట్టాలో ఆ రోజే అడగాల్సింది" అంది.

కుట్టుపిట్ట తలెత్తి చూసింది. ఆ రోజు బరువని తను ఇక్కడే వదిలేసి వెళ్లిన దండ, గువ్వ గూటి అంచున వేలాడుతోంది. పూలు ఎప్పుడో రాలిపోయాయి. వాటిని కట్టిన అరటినార మాత్రం గట్టిగానే ఉంది, పది కుట్లకి సరిపడా.