పరగడుపున ఒక చెంచా

మంగళవారం తెల్లవారుజామున ఐదింటికి ఈజిప్టులోని బెనీ సువైఫ్‌లో అబ్దుల్ బారీ నిద్ర లేచాడు గానీ కళ్ళు తెరవలేకపోయాడు. ఏడింటికి మాట పడిపోయింది. తొమ్మిదింటికి ఆసుపత్రిలో ఊపిరి గొట్టం వేశారు.

ముందురోజు వసంత పండుగ. ఊరంతా తిన్నట్టే వాళ్ళూ ఉప్పులో మాగిన ఫసీఖ్ చేప తిన్నారు. చేప అతని అక్క ఇన్షిరాహ్ అంగడిది. పదకొండింటికి అధికారులు వచ్చి అంగడికి సీలు వేశారు, చేపను పరీక్షకు పట్టుకెళ్ళారు. అందులో విషం ఉందని తేలితే ఆమెకు జైలు.

రెండు రోజులు ఆమె వార్డు గుమ్మం దగ్గరే కూర్చుంది. లోపల తమ్ముడి భార్య కరీమాన్ మంచం పక్కన కదలకుండా కూర్చుంది. ఏడవలేదు. పలకరించినవాళ్ళకు ముక్తసరిగా జవాబు చెప్పింది. బంధువులు చెవులు కొరుక్కున్నారు.

చివరికి ఇన్షిరాహ్ ఉండబట్టలేకపోయింది.

"మొగుడు గొట్టం మీద బతుకుతుంటే నీకు కునికిపాట్లేంటే? ఒక్క చుక్క కన్నీరైనా రాదా?"

"రావట్లేదు వదినా."

"ఉల్లిపాయలు తెప్పించమంటావా?"



గురువారం మధ్యాహ్నం డాక్టర్ వజ్దీ కాగితం పట్టుకుని వచ్చాడు. చేపలో విషం లేదు. ఇన్షిరాహ్ గోడకు ఆనుకుని నిలబడింది.

ఇంట్లో నిలవ ఉంచినవి ఇంకేమైనా తిన్నారా అని డాక్టరు అడిగాడు. కరీమాన్ ఆగి ఆగి చెప్పింది. కొత్త పంట రాగానే అందరిలాగే ఏడాదికి సరిపడా వెల్లుల్లి ఒలిచింది. ఫ్రీజర్ నిండిపోయింది. మిగిలిన రెబ్బలు దంచి, సీసాలో వేసి, మునిగేలా నూనె పోసి పొయ్యి పక్క అలమరలో పెట్టింది. నెలయింది. రక్తపోటుకు మంచిదని భర్తకు వారం నుంచి పెడుతోంది. పండుగనాడు చేపకు విరుగుడుగా ఇంకో రెండు చెంచాలు పెట్టింది.

"వెల్లుల్లి క్రిముల్ని చంపుతుంది కదా డాక్టరు గారూ."

"చాలావాటిని చంపుతుంది. ఈ విషాన్ని పుట్టించే క్రిమిని మాత్రం ఆపలేదు. నూనె కింద గాలి తగలదు. అది పెరిగేది అలాంటి చోటే."

ఆ సీసాలోది ఇంకెవరు తిన్నారని అడిగాడు.

"నేనే. పరగడుపున ఒక చెంచా. ఈ పొద్దున కూడా. సీసా సంచిలోనే ఉంది."

డాక్టరు కాగితం మంచం మీద పెట్టి ఆమె ముందు వంగాడు.

"కళ్ళు బాగా తెరువమ్మా."

"తెరిచాను," అంది కరీమాన్.

రెప్పలు లేవలేదు.