చెవిలో మాట

"కదలకండి గురువుగారూ, జారిపోతుంది," అన్నాడు మైకులాయన.

గురువుగారు చిన్నపిల్లాడిలా మెడ వంచి కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి. సభ ఉన్న రోజు మంచినీళ్లు కూడా ముట్టరు. మైకులాయన ఆయన కుడిచెవిలో వినికిడి యంత్రం అమర్చి, అది కనబడకుండా తెల్లజుట్టు సవరించాడు.

"ఇది నాకు ప్రాణంతో సమానం నాయనా. ఇది లేకపోతే అంతా నిశ్శబ్దమే." గురువుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మైకులాయనకి ఒళ్లు మండింది. ఎవరూ లేని గదిలో, అంతా తెలిసిన తన దగ్గర కూడా ఈ నాటకమెందుకో! పైకి మాత్రం తల ఊపి బయటికి వచ్చేశాడు.

ఒకప్పుడు అతనూ నమ్మాడు. పెద్దాయన గద్దెనెక్కిన కొత్తలో "ఈ దేశాన్ని ఏలేది నేను కాదు, దేవుడు" అని ప్రకటించినప్పుడు ఆ మైకు పెట్టింది అతనే. అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టిందీ అతనే. అప్పట్నుంచి ఏ పెద్ద నిర్ణయమైనా నిండుసభలోనే జరుగుతోంది. పెద్దాయన గురువుగారి పాదాల దగ్గర కూర్చుని అడుగుతాడు. గురువుగారు కళ్లు మూసుకుని దేవుడు చెప్పింది వింటారు, విన్నది పైకి చెబుతారు. పన్నులైనా, జైళ్లైనా, యుద్ధమైనా అదే పద్ధతి.

ఆ దేవుడు వేదిక వెనక అద్దాలగదిలో కూర్చుంటాడని మైకులాయనకి రెండో ఏడే తెలిసిపోయింది. పెద్దాయన కార్యదర్శి ఒకప్పుడు రేడియో నాటకాల్లో వేసినవాడు. తేనెలాంటి గొంతు. అతను మైకులో మెల్లగా ఏం చెబితే అది సరాసరి గురువుగారి చెవిలో పడుతుంది. ముగ్గురూ కూడబలుక్కుని దేశమంతటి చెవిలో పూలు పెడుతున్నారు. బయటపెడితే పోయేది ఒక్క ఉద్యోగమే కాదు కనుక మైకులాయన ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నాడు.

కానీ ఇవాళ్టి సంగతి వేరు. పేటలోని ఆస్పత్రిని తీసేసి ఆ స్థలంలో ప్రార్థనా మందిరం కట్టాలా వద్దా అన్నది ఇవాళ్టి ప్రశ్న. జవాబు ఇంకా రాకముందే ఆస్పత్రి గేటు దగ్గర బుల్డోజర్లు వచ్చి నిలబడ్డాయి. లోపల డయాలసిస్ మంచం మీద అతని భార్య ఉంది.

పొద్దున దింపుతుంటే ఆమె అడిగింది. "ఇది కూల్చేస్తే నేనెక్కడికి వెళ్లాలండీ?"

"కూల్చరు. ఈ గేటు దగ్గరే పెద్దాయన మాటిచ్చాడు. ఆ మైకు పెట్టింది నేనే."

"మీరు పెట్టిన మైకులో ఇచ్చిన మాట ఒక్కటైనా నిలబడిందా?" ఆమె నవ్వింది. "ఈసారి మైకు మార్చి చూడండి పోనీ."

ఆ నవ్వు చూస్తే అతనికి ఏడుపొచ్చింది. దారి పొడుగునా ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగింది.

"అంతా సిద్ధమేనా?" కార్యదర్శి అద్దాలగదిలోకి వెళ్తూ అడిగాడు.

"సిద్ధమే సార్."

"ఏంటయ్యా ఆ గొంతు? కాకి నయం నీకంటే."

"పొద్దుట్నుంచి హలో హలో అని అరిచి బొంగురుపోయింది సార్."

కార్యదర్శి నవ్వుకుంటూ తలుపు వేసుకున్నాడు.

సభ మొదలైంది. పెద్దాయన నేలమీద కూర్చుని, చేతులు జోడించి అడిగాడు. గురువుగారు కళ్లు మూసుకున్నారు. జనం ఊపిరి బిగబట్టారు.

అద్దం వెనక కార్యదర్శి పెదవులు కదలడం మొదలుపెట్టగానే మైకులాయన అతని మైకు మీట కిందికి దించేశాడు. పరీక్ష కోసం వాడే చిన్న మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆస్పత్రి జోలికి పోవద్దు. అది అలాగే ఉండాలి."

గురువుగారు ఉలిక్కిపడి కళ్లు తెరిచారు. చెమటలు పట్టాయి. నలువైపులా చూసి, ధైర్యం కూడదీసుకున్నారు.

"కూల్చేయండి," అన్నారు. "ఇప్పుడే. క్షణం ఆగకండి."

జనం జేజేలు కొట్టారు. పెద్దాయన ముఖం పాలిపోయింది. అయినా నిండుసభలో కాదనలేక గురువుగారి పాదాలు కళ్లకద్దుకుని, అధికారులకి సైగ చేశాడు.

కార్యదర్శి తలుపు తన్నుకుని బయటికొచ్చాడు. "ముసలాడికి మతిపోయిందా? ఎన్నికలయ్యేదాకా ఆస్పత్రిని ముట్టుకోవద్దని చెబితే కూల్చమంటాడేంటి! బుల్డోజర్లని తెచ్చి నిలబెట్టింది దేవుడే ఆపాడనిపించడానికి కదా! దేవుడి మాటని ఇప్పుడు పెద్దాయన మాత్రం ఎలా కాదంటాడు?"

మైకులాయనకి కాళ్ల కింద నేల కదిలిపోయింది. తను అడ్డుపడకపోయినా ఆస్పత్రి నిలిచేదే. మరి తను అడ్డుపడీ ఉంచమనే కదా చెప్పాడు!

జేబులో ఫోను మోగింది. ఆస్పత్రి నర్సు ఏడుస్తోంది. "అన్నా, అందరినీ రోడ్డు మీదికి మోసుకొస్తున్నారు. వదినని మధ్యలోనే యంత్రం నుంచి తీసేయించారు. తొందరగా రా అన్నా."

అతను పరుగందుకున్నాడు. దారిలో గురువుగారి గది తలుపు తెరిచే ఉంది; ఆయన అప్పుడే వేదిక దిగి వచ్చి కూర్చున్నారు. కోపం ఆపుకోలేక లోపలికి దూసుకుపోయాడు.

"వద్దని చెబితే ఎందుకు కూల్చమన్నారు?"

గురువుగారు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయి.

"నీకూ వినబడిందా నాయనా? ఆ బొంగురు గొంతు? ఎవడో దుష్టుడు ఇవాళ ఆయన చోట్లో దూరాడు. వాడే ఉంచమన్నాడంటే, కూల్చడమే మంచిది కదూ?"

"దుష్టుడా? అది..." అన్నాడు మైకులాయన.

గురువుగారు వినికిడి యంత్రం తీసి, రెండు కళ్లకీ అద్దుకున్నారు.

"ఇన్నేళ్లుగా వింటున్నాను, దేవుడి గొంతు నాకు తెలీదా?"