అడుగు బెజ్జం

"సీటు పైకి లేపకపోతే రేపు మిమ్మల్ని తీసకపోను అంకుల్," అంది తొక్కడం నేర్పించే అనూష.

పరంజ్యోతి తొక్కడం ఆపలేదు. "ఉండనీమ్మా," అన్నాడు.

"గదిలో అంటే సరే. రేపు పోయేది పులికాట్ సరస్సు మధ్యలో రోడ్డు మీద. అంతా ఎదురుగాలి. మోకాళ్లు పొట్టకు తగిలేటట్టు కూర్చుని ఆ గాల్లో తొక్కితే సగం దూరానికే చిప్పలు పోతాయి."

పక్క సైకిలు మీద నరేంద్రబాబు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నవ్వాడు. "అన్న సైకిలు తొక్కతా ఉన్నట్టు లేదు పాపా. కత్తిపీట మీద కూర్చుని చేపలు కోస్తా ఉన్నట్టుండాది."

గదంతా నవ్వింది. సూళ్లూరుపేటలో మందుల షాపు మీద, వ్యాయామాలకని పెట్టిన మేడ గది అది. ఎక్కడికీ కదలని సైకిళ్లు, పెద్దగా పాట, గోడకు అద్దం. ఆ నవ్వు పక్కింట్లో ఎవరో నవ్వుకుంటున్నట్టు వినబడింది పరంజ్యోతికి. ఈమధ్య అన్నీ పక్కింట్లోనే జరుగుతున్నట్టున్నాయి.

కిటికీ పక్కన అతను తొక్కుతున్న ఆ సైకిలు పోయిన భార్య రెబెక్కమ్మది. సమాధి కార్యక్రమం అయిన వారానికి ఆమె బూట్లు తీసుకుపోదామని వచ్చి, "ఆమెది ఏది?" అని అడిగి, ఊరికే ఎక్కి కూర్చున్నాడు. సీటు కడ్డీకున్న పిన్ను అన్నిటికంటే అడుగు బెజ్జంలో ఉంది. అలాగే తొక్కాడు. మర్నాడూ వచ్చాడు. పాట మొదలయ్యాక రావడం, ఎవరూ పలకరించకముందే మెట్లు దిగిపోవడం. ఎప్పుడొచ్చినా సీటు అక్కడే ఉండేది. ఆమె తర్వాత దాన్నెవరూ ముట్టుకోలేదు.

అతనికి అంతుపట్టనిది ఒకటే. రెబెక్కమ్మ తనంత పొడుగు మనిషి. పెళ్లి ఫొటోలో ఆమెను ఒక మెట్టు కింద నిలబెట్టారు. అలాంటి మనిషి ఇంత కిందికి ఎందుకు కూర్చుంది? ఇన్నేళ్లు పక్కనున్నా ఆమెలో తనకు తెలియనిది ఏదో మిగిలిపోయిందన్నమాట. ఆమె కూర్చున్నట్టే కూర్చుని తొక్కుతూపోతే ఏదో ఒకరోజు తెలుస్తుంది. సీటు లేపేస్తే ఇక తెలియదు.

"ఆమె పోవాలని పేరిచ్చుకున్న రోడ్డమ్మా అది," అన్నాడు. "పోతాను. ఇట్టనే పోతాను."

అనూష వెళ్లి పాట ఇంకాస్త పెంచింది.

తెల్లవారింది. అద్దెకు తెప్పించిన సైకిళ్లు సరస్సు మొదట్లో వరసగా నిలబెట్టి ఉన్నాయి. పరంజ్యోతి పెడల్ నుంచి సీటుకు జానతో కొలుచుకుని, గదిలో ఉన్నంత కిందికే దించుకున్నాడు. అనూష చూసి మొహం తిప్పుకుంది.

"అందరూ వినండి," అంది. "గదిలో కాళ్లు ఆపనిస్తానా మిమ్మల్ని? ఇక్కడా ఆపబాకండి. పాట మోగతా ఉందనుకోండి. గాలొస్తే, గదిలో తొక్కుడు బరువెక్కేదానికి బిరడా బిగిస్తాం చూడండి, అట్ట బిగించినాననుకోండి. అంతే."

రోడ్డుకు రెండు పక్కలా పలచటి నీళ్లు. దూరంగా పక్షులు లేతరంగు గీతలా ఉన్నాయి. గాలి వీస్తోందని చొక్కా కొట్టుకోవడం చూసి తెలుసుకున్నాడు పరంజ్యోతి. అందరూ ముందుకు పోయారు. అతను చివర్న, ముడుచుకుని తొక్కుతున్నాడు.

సగం దూరంలో మోకాళ్లు పట్టేశాయి. నొప్పి తొడలదాకా పాకింది. ఆమె పోయాక తన ఒంట్లో అతనికి తెలిసిన మొదటి సంగతి అది.

దిగి నిలబడ్డాడు. ముందున్నవాళ్లు చుక్కలైపోతున్నారు. ఇలాగే ఉంటే అవతలి ఒడ్డు చేరలేడు. ఆమె రోడ్డు ఇక్కడే సగంలో ఆగిపోతుంది. సీటు కింది మీట వదులు చేశాడు. కాలు నిండుగా చాపుకునేంత ఎత్తుకు లాగి, బిగించాడు. ఆమె శవపెట్టె మీద మూత వేసినప్పుడు కూడా చేతులు ఇంతే నిదానంగా కదిలాయి.

తర్వాత కాళ్లే తొక్కాయి. గదిలో ఇన్నాళ్లూ ఎక్కడికీ పోకుండా తిరిగిన తిరుగుడంతా ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది. గాలి పెరిగితే మెడ వంచాడు, గేరు మార్చాడు, లేచి తొక్కి మళ్లీ కూర్చున్నాడు. ఊపిరి తప్పలేదు.

"ఏందన్నా, మోటరు బిగించినావా?" వెనకనుంచి నరేంద్రబాబు కేక.

అవతలి ఒడ్డున చెక్‌పోస్టు దగ్గరికి అందరికంటే ముందు చేరింది అతనే. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు.

అనూష వస్తూనే చప్పట్లు కొట్టింది. "చూసినారా అంకుల్! గదిలో తొక్కింది యాడికీ పోదని చెప్తే విన్నారా?"

"రేపట్నుంచి అక్కడ కూడా లేపేయమ్మా," అన్నాడు సీటు మీద చెయ్యి వేసి. "ఇంక దేనికి?"

"మరి ఇన్నాళ్లూ ఏంది ఆ పట్టు?"

"ఆమె పెట్టుకున్న ఎత్తు గదమ్మా అది. ఆమె పోయినాక కూడా ఎవరూ కదపకుండా ఉండింది. కడాకు నేనే చెరిపేసినాను."

నీళ్ల సీసా మూత తిప్పుతున్న అనూష చెయ్యి ఆగిపోయింది. అతను చెయ్యి వేసిన సీటు వంక చూసింది.

"రాత్రి గది మూసేముందు సీట్లన్నీ అడుక్కి దించేసి గుడ్డలు కప్పేది నేనే అంకుల్," అంది నెమ్మదిగా. "ఆంటీ రాంగానే పైకి లాక్కునేది. ఇదో, ఇప్పుడు మీరు పెట్టుకుండారే, ఇంతెత్తుకి."