గుండీలన్నీ పెట్టిన చొక్కా

1983 మే తొమ్మిది, సోమవారం. పొద్దున రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి తిని బయల్దేరింది గంగక్క. ముదిగుబ్బలో బస్సెక్కి, ధర్మవరంలో తమ్ముడి ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ధర్మవరం నుంచి వచ్చిన ఇమాంసాబ్ తెచ్చిన కబురు ఇంతే: ఇంట్లో రొమ్ము క్యాన్సరంట, ఆపరేషనంటే తమ్ముడు గంగాధరప్ప వద్దంటున్నాడంట.

తీరా చూస్తే మరదలు మారెక్క మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది. తమ్ముడు గోడకానుకుని పట్టుదారం కండెలు చుడుతున్నాడు. ఎండాకాలం బనీను కూడా వేయనివాడు, చొక్కాకు గుండీలన్నీ పెట్టుకున్నాడు.

"జబ్బు మనిషి చేత మగ్గమాడిచ్చి నువ్వు కండెలు చుడతాండావా? బాగుండాదప్పా నీ యవ్వారం."

మారెక్క ఏదో చెప్పబోయింది. మొగుడు చూసిన చూపుకు ఆగిపోయింది.

గడ్డ చెనిక్కాయ విత్తనమంతే ఉందనీ, చుట్టూ కండంతా తీసేయాలన్నారనీ అతను గొణిగాడు. ఎందుకట్లా అని అడిగింది గంగక్క.

"పోగు తెగితే ఆ పోగునొక్కదాన్నే చూస్తామా అన్నాడక్కా డాక్టరు. పక్క పోగుల బిగువూ చూస్తాం గదా. చుట్టూ కండ సరిగ్గుంటే చెడ్డ కణం గూడా అణిగి ఉంటాదంట, అది గూడా చెడిందేమోనని అంతా తీస్తారంట. రొమ్ము పాలకు పెరగాల్నా, పుట్టినప్పటి మాదిరే నిద్రపోవాల్నా అనేది గూడా ఆ చుట్టూ ఉండేదే చెప్తాదంట. ఇంకా పూర్తిగా తెలీదంట, ఇప్పుడిప్పుడే చూస్తాండారంట."

గంగక్కకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఇంత తెలిసినవాడు వద్దనడమేమిటి?

"మరేంటికి వద్దంటావు?"

"నలుగురికి తెలిస్తే నవ్వుతారక్కా."

గంగక్కకు ఒళ్లు మండింది. "నవ్వేటోళ్లు నవ్వనీ. చుట్టూ మేము లేమా? పెండ్లాం పానం కంటే నీ పరువు పెద్దదైపాయనా?"

మగ్గం చప్పుడు ఆగింది. మారెక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగాధరప్ప చేతిలోని కండె పక్కన పెట్టి, "రేపే పోదాం లేక్కా" అన్నాడు.

ఎవరూ అడక్కుండానే పక్కింటి ఖాతూన్‌బీ రెండు బిందెల నీళ్లు తెచ్చి వాకిట్లో పెట్టిపోయింది. మారెక్కను కదలనీయకుండా వంటంతా గంగక్కే చేసింది. వద్దంటే విన్లేదు.

అన్నాలయ్యాక చాప కోసం లోపలి గది దాకా వెళ్లిన గంగక్క గడప దగ్గరే నిలబడిపోయింది. మారెక్క మొగుడి చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుతోంది. వాళ్లిద్దరూ తనను చూడకముందే గంగక్క తలుపు చప్పుడు కాకుండా మూసేసింది. తమ్ముడి ఎడమ చన్ను మీద, డాక్టరు ముక్క తీసిన చోట, దూది కట్టు ఉంది.