వంక పెట్టరాని డాక్టరు

దవాఖాన మెట్ల మీద తల్లీకొడుకులు ఒక పొట్టేలును చెరో దిక్కు గుంజుతున్నారు. కొడుకు లోపలికి, తల్లి బయటికి. మధ్యలో పొట్టేలు మూడు కాళ్ళ మీద నిలబడి, ఎవరు గెలిస్తే వాళ్ళ వెంట పోదామన్నట్టు నెమరేస్తున్నది.

చేతులు తుడుచుకుంటూ వచ్చిన డాక్టర్ ప్రియదర్శిని ఆ తమాషా చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏలూరు నుంచి వచ్చి శంషాబాద్‌లో పశువుల దవాఖాన పెట్టి ఏడాది కూడా కాలేదు, అప్పుడే ఆమె మీద కథలు పుట్టాయి. ఆమె సూది వేస్తే కుక్క ఇంకోటి వేయమని తోక ఊపుతుందట. విమానం చప్పుడుకు బెదిరి పాలెగ్గొట్టిన బర్రె, ఆమె వీపు నిమిరితే రెండు చెంబులు ఎక్కువే ఇచ్చిందట. చెప్పేవాళ్ళ నోటికి మొక్కాలి గానీ, లేనివాళ్ళను ఫీజు కోసం పీడించదన్నది మాత్రం నిజం.

కొడుకు పేరు మల్లేశ్వర్. ఏర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే కొలువు, ఒంటి మీది యూనిఫాం కూడా విప్పలేదు. తల్లి దుర్గవ్వ. మా అవ్వకు మీరన్నా జర చెప్పుండ్రి మేడం అని మొరపెట్టుకున్నాడు. పొట్టేలు కుంటుతున్నదని ఆటోలో వేసుకుని ఎక్కే గడపా దిగే గడపా అయిందట. ఆరాంఘర్‌లో డాక్టరు చల్లటి అద్దాల గదిలో కూర్చున్నాడు. గొర్రె వాసన పడనివాడు గొర్రెకేం మందిస్తాడని దుర్గవ్వ వెనక్కి పట్టుకొచ్చింది. బడంగ్‌పేట్‌లో డాక్టరు చేతులు మొరటని వద్దంది. ఇంకోచోట చేతులూ మంచివే, మాటా మంచిదే. ఆ ముఖం చూస్తే తనకే జ్వరమొచ్చేట్టుందని లేచింది.

"పిల్లకు సంబంధం చూసేటప్పుడు గూడ గిన్ని వంకలు పెట్టరు మేడం," అన్నాడు మల్లేశ్వర్.

ప్రియదర్శినికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ముసలమ్మ మీద గౌరవమూ కలిగింది. కుక్కపిల్లను కారులో తెచ్చి, బల్ల మీద పడేసి, ఫోను చూసుకుంటూ కూర్చునేవాళ్ళను రోజూ చూస్తుందామె. ఒక పొట్టేలు కోసం ఇంతగా గాలించే మనిషిని చూడడం ఇదే మొదలు. ఈమె చేత మంచి అనిపించుకుంటే కాలేజీ ఇచ్చిన పట్టా కంటే ఎక్కువే అనుకుంది.

"అమ్మా, నాకు వంక పెట్టాలన్నా ముందు లోపలికి రావాలి కదా," అంది.

దుర్గవ్వకు ఇక దారి లేకపోయింది. వచ్చి ఓ మూల కూలబడింది. పొట్టేలు కుంటుకుంటూ వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టింది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నందుకు దాని పేరు సుక్కడట. ప్రియదర్శిని దాన్ని బల్ల ఎక్కించలేదు. తానే దాని పక్కన నేల మీద కూర్చుంది.

"నువ్వు కింద గూసుంటవా?" అంది దుర్గవ్వ, అదేదో తప్పయినట్టు.

గిట్టల సందున వాచి చీము పట్టింది. ఇట్లాగే వదిలేస్తే కాలే పోవచ్చంది డాక్టరు.

"కాలు పోతే పానం గూడ పోతదా బిడ్డా?"

"పోదులే అమ్మా. మూడు కాళ్ళతో హాయిగా బతికినవి ఎన్ని లేవు. కానీ అంతదాకా నేను రానివ్వను."

దుర్గవ్వ కొడుకు వైపు చూసింది. బతికేదే అయితే దాన్ని కోసుడెందుకు, మూగజీవి, నొప్పికి ఓర్వదు, ఉన్నట్టే ఉండనియ్యి అని డాక్టరును బతిమాలింది. భయపడుతున్నదని ప్రియదర్శిని ఆమె భుజం నిమిరింది. నొప్పి తెలియకుండా సూది వేసి, గిట్ట పట్టుకుని, పట్టకారుతో మెల్లగా లాగింది. వేలెడు పొడుగు తుమ్మముల్లు. నిలువునా దిగి ఉంది. ట్రేలో వేస్తే టంగుమంది.

ఇంత ముల్లు ఎక్కడ గుచ్చుకుందని అడిగితే మల్లేశ్వర్‌కూ అంతుబట్టలేదు. వాళ్ళ దిక్కు పొలాలన్నీ ప్లాట్లయి, గడప దాకా సిమెంటు రోడ్డే పడింది. తుమ్మచెట్టు చూడాలంటే మహేశ్వరం దాకా పోవాలి. పైగా అవ్వ సుక్కడిని ఇల్లు దాటనియ్యదు.

"విమానంల దిగినట్టుంది మేడం," అని నవ్వాడు.

డాక్టరు చీము కడిగి, మందు పెట్టి, మెత్తగా కట్టు కట్టింది. సుక్కడు లేచి నాలుగో కాలు ఆనించి చూసుకుని, కొమ్ములతో ఆమె మోకాలిని చిన్నగా పొడిచింది. మల్లేశ్వర్ ఫీజు సంగతి ఎత్తితే, మీ అమ్మ వంక పెట్టలేదు, అదే నా ఫీజు అంది. దుర్గవ్వ కళ్ళ నిండా నీళ్ళు. ఆ నీళ్ళు చూసి ప్రియదర్శినికి కడుపు నిండినట్టయింది.

"ఆదివారానికి మంచిగ నడుస్తదా మేడం?" అన్నాడు మల్లేశ్వర్.

"నడవడమేంటి, పరుగెత్తుతుంది."

మల్లేశ్వర్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"నౌకరి వస్తే సుక్కడిని ఇస్తనని మైసమ్మకు మొక్కిన. పేరు వెట్టి మొక్కినంక ఇంకోటి నడువది. కుంటిది అమ్మోరికి ఎక్కదు, బలియ్యకుండ ఇడిసిపెట్టుమన్నరు పెద్దలు. నా మొక్కు నిలబెట్టిండ్రు మేడం. ఆదివారం బోనాలకు మా ఇంట్లనే భోజనం."

ఆటో తేవడానికి హుషారుగా మెట్లు దిగి పోయాడు.

ప్రియదర్శిని చేతిలో దూది చేతిలోనే ఉంది. సుక్కడు ఆమె అరచేతిలోని ఉప్పదనాన్ని నాకుతున్నది. తల ఎత్తాలంటే ఆమెకు చేత కాలేదు.

దుర్గవ్వ కొడుకు మలుపు తిరిగేదాకా చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని, దగ్గరికి జరిగింది.

"నీకు వంక పెట్టరాదు బిడ్డా," అంది మెల్లగా. "ఆ ముల్లు మాత్రం నాకియ్యి. దానికోసం మహేశ్వరం దాక పోయొచ్చిన."